అది ఆకలి అరుపు కాదు

గినీ పిగ్ అనగానే ఎవరికైనా ప్రయోగశాలే గుర్తొస్తుంది. మా ఇంట్లో వాళ్లకి మాత్రం, ఫ్రిజ్ తలుపు చప్పుడు వినబడితే చాలు ‘కుయ్ కుయ్’మంటూ ఇల్లెగరగొట్టే రెండు బుజ్జి ప్రాణాలు గుర్తొస్తాయి. 2021లో మా అమ్మాయి పదో పుట్టినరోజుకి మావారు తెచ్చారు. తెల్లగా ఉన్నదానికి జున్ను, గోధుమరంగుదానికి జీలకర్ర అని పేర్లు పెట్టుకుంది. రెండూ ఆడవే.

తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య వాటిని చూసి బుగ్గలు నొక్కుకున్నారు. “ఎలకల్ని పెంచడమేమిటే అమ్మాయ్! వాటికి మళ్లీ గడ్డి కొనడమా? మన దొడ్లో గడ్డివాము ఉన్న రోజుల్లో ఇవి తెచ్చుకున్నా బాగుండేది” అన్నారు. అవి ఎలకలు కావనీ, పందులు అసలే కావనీ, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జనం వేల ఏళ్లుగా పెంచుకుంటున్న జీవాలనీ మనవరాలు నాయనమ్మకి పాఠం చెప్పింది. అక్కడ వాటిని కూర వండుకుంటారన్న సంగతి నేను గుటుక్కున మింగేశాను.

రెండేళ్లు హాయిగానే గడిచాయి. 2023 వానాకాలంలో ఓ సాయంత్రం జున్ను అదేపనిగా అరుస్తోంది. ఆకలేమోనని గుప్పెడు పాలకూర వేశాను. చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తయ్య తలెత్తి చూశారు.

“అది ఆకలి అరుపు కాదే. మంట అరుపు. ఒంటేలుకి కూర్చున్నప్పుడల్లా ఎలా వీపు ముడుచుకుంటోందో చూడు.”

తీసి చూస్తే కింద పరిచిన తువాలు మీద ఎర్రటి మరక. నా గుండె జారిపోయింది. అప్పటికే రాత్రవుతోంది. ఫ్రిజ్‌లో అమ్మాయి గొంతు నొప్పికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఉంది. పిల్లలకి వేసేదే కదా, రెండు చుక్కలు వేస్తే ఏం పోతుందిలే అనుకుని సిరంజిలోకి ఎక్కించాను కూడా. ఎందుకో చెయ్యి ఆడలేదు. పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే బుట్టలో పెట్టుకుని, చిన్న జంతువుల్ని చూసే డాక్టరమ్మ కోసం ఊరు ఆ చివరికి వెళ్లాం. సిరప్ మాట చెప్పగానే ఆవిడ చేస్తున్న పని ఆపేశారు. “వెయ్యలేదు కదా?” అన్నారు. పెన్సిలిన్ జాతి మందులు నోట్లో వేస్తే గినీ పిగ్ పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయట. చెడ్డవి పెరిగి ప్రాణమే పోతుందట. నా చేతులతో నేనే చంపుకునేదాన్ని కదా అని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎక్స్‌రేలో రాయి కనబడలేదు. మూత్రాశయం వాచిందన్నారు. తిండిలోని కాల్షియంని మన శరీరం అవసరమైనంతే తీసుకుంటుంది. వీటి శరీరం ఎక్కువగా పీల్చేసుకుని, మిగిలినదాన్ని మూత్రంలో వదిలేస్తుంది. అందుకే వీటి మూత్రం మామూలుగానే కాస్త తెల్లగా ఉంటుంది. అదే ఇసుకలా పేరుకుంటే ఒరుపు, ముదిరితే రాయి. ఆడవాటికి మూత్రనాళం చిన్నది, మలద్వారానికి దగ్గర. కాబట్టి ఇన్‌ఫెక్షన్ బెడద వాటికే ఎక్కువ. నేను ప్రేమగా పెట్టిన పాలకూర, తోటకూర వీటికి రోజూ పెట్టకూడనివని అప్పుడే తెలిసింది.

మందులతో తగ్గింది. రెండు నెలలకి మళ్లీ వచ్చింది. 2024 సంక్రాంతికి మూడోసారి. ఈసారి మూత్రం కల్చర్ పరీక్షకి పంపితే సూక్ష్మజీవులేమీ దొరకలేదు. “కొన్నింటికి ఇంతే. రాయీ ఉండదు, క్రిమీ ఉండదు, వాపు మాత్రం తిరిగి తిరిగి వస్తుంది. పూర్తిగా పోగొట్టలేం. కనిపెట్టుకుని ఉండాలి, నొప్పి లేకుండా చూడాలి” అన్నారు డాక్టరమ్మ. ఇంటికొచ్చి మావారు బిల్లులన్నీ కూడి “ఈ డబ్బుతో కొత్తవి పది కొనొచ్చు” అన్నారు. అమ్మాయి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే ఓ రాత్రి రెండింటికి నిద్రపట్టక, జున్నుని చూద్దామని లేచాను. అత్తయ్య గోడ పట్టుకుని బాత్‌రూంలోంచి వస్తున్నారు. మొహమంతా చెమట. ఆ రాత్రి అది నాలుగోసారట.

“ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?”

“ఎప్పుడూ ఉండేదేలే. నీళ్లు తాగితే అస్తమానం లేవాలని తాగడం తగ్గించా. ఇలాంటివి మగపిల్లాడితో ఏం చెప్పుకుంటాం?”

జున్ను అరుపు ఆవిడకి ఒక్కదానికే ఎందుకు అర్థమైందో నాకప్పుడు తెలిసింది. మరొకరి నోట చిక్కే జీవాలు నొప్పి పైకి చూపించవని డాక్టరమ్మ చెప్పారు. చూపిస్తే ముందు వాటినే పట్టేస్తాయిగా! మరి మా అత్తయ్య ఎవరికి భయపడి ఇన్నేళ్లు దాచుకున్నట్టు? అదే ఇంట్లో ఉండి నేనెందుకు అడగలేదు?

మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లాను. పరీక్షలు చేసి మందులు రాశారు. ఆపుకోవద్దన్నారు, నీళ్లు బాగా తాగమన్నారు. బయటికి వస్తూ అత్తయ్య నవ్వారు. “గడ్డి ఒక్కటి తప్ప, దానికి చెప్పిన పత్యమే నాకూ చెప్పాడే!”

అప్పట్నుంచి మా ఇంట్లో ఓ పద్ధతి ఏర్పడింది. గూట్లో తిమోతి గడ్డి ఎప్పుడూ ఉండాల్సిందే. సందులో దొరికే గరిక శుభ్రంగా కడిగి వేస్తాం. కూరలు, కీరా ముక్కలు నీళ్లోడుతుండగానే పెడితే కాస్త నీళ్లు అలా కూడా లోపలికి పోతాయి. మనలాగే వీటి ఒంట్లో కూడా విటమిన్ సి తయారు కాదు కాబట్టి రోజూ కాప్సికం ముక్క తప్పనిసరి, అప్పుడప్పుడూ చిన్న జామ ముక్క. కింద పరిచే పాత తువాళ్లు ఏ రోజుకారోజు మారుస్తాం. తెల్ల తువాలైతే మరక వెంటనే కనిపిస్తుంది. మందులు మాత్రం డాక్టరమ్మ చెప్పినవి, చెప్పిన కొలతలోనే.

ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద తూకం. ఆ అంకె అత్తయ్యే గోడ క్యాలెండర్ మీద వేస్తారు. కిందటి నెల 920 గ్రాములున్నది 860కి దిగింది. అరుపు లేదు, మరకా లేదు. తూకం చూసే తీసుకెళ్లాం. వాపు అప్పుడే మొదలైందట. ఈసారి రక్తం దాకా రాకుండానే సర్దుకుంది. మళ్లీ రాదని ఎవరూ అనలేదు, మేమూ అనుకోవడం లేదు.

అదే క్యాలెండర్ మీద తేదీల పక్కన పెన్సిలు గీతలు కూడా ఉంటాయి. అవి అత్తయ్య తాగిన నీళ్ల గ్లాసుల లెక్క. గీతలు తగ్గితే మనవరాలు ఊరుకోదు. బిల్లులు కూడిన పెద్దమనిషి కూడా ఆఫీసు నుంచి ఫోన్ చేసి “అమ్మ నీళ్లు తాగిందా, జున్ను గడ్డి తిందా?” అని అడుగుతారు.

పొద్దున్నే నేను ఫ్రిజ్ తలుపు తీస్తాను. ‘కుయ్’మంటుంది. ఇద్దరం ఓ క్షణం ఆగి వింటాం.

“ఆకలేలే, పెట్టు” అంటారు అత్తయ్య.