కంఠమును గడువును

మధురకంఠము విన్నంతనే లోకము "దైవమిచ్చినది" యని చేతులు జోడించును. ఆ మాట యసత్యమని మేమనము. కాని విచారణ యా మాటతోడనే ముగిసిపోవుచున్నది. ఇచ్చినది దైవమే కావచ్చును, దానిని పెంచినదెవ్వరు? అది పెరుగునంతకాలము ఆ మనుష్యునకు కూడు పెట్టినదెవ్వరు?

ఇటలీదేశపు గాయకుడు లుచానో పవరొట్టి చరిత్రమున నీ ప్రశ్నలకు జవాబు గలదు. ఆయనయందు మాకొక బంధుభావమును గలదు. కొంతకాలము ఆయనయు మావలెనే బడిపంతులు. ఆయన 1935లో మోడెనా పట్టణమున జన్మించెను. తండ్రి రొట్టెలు కాల్చువాడు. కంఠమున్నను సభాభీతిచే గాయకవృత్తికి దిగనివాడు. తల్లి చుట్టల కార్ఖానాలో పనిచేసెడిది. 1954లో కుమారుడు గానవిద్యకు పూనుకొనగా, తండ్రి మనసొప్పకయే యొప్పి, యొక యొడంబడిక చేసెను: ముప్పదియేండ్లు వచ్చువరకు ఇంట కూడును నీడయు నుండును, అప్పటికిని రాణింపనిచో ఏ పనియైనను చూచుకొనవలెను. అర్రిగో పోలా యను గురువు రుసుము గొనకయే నేర్పెను. పిమ్మట మాంటువాలో ఎత్తోరె కంపొగల్లియాని నేర్పెను. శిష్యుడు ఆ సంవత్సరములలో చిన్నపిల్లలకు పాఠములు చెప్పెను, ఇన్సూరెన్సు పాలసీలును అమ్మెను.

ఆ విద్య యెట్టిదో చెప్పవలెను. ఒపేరా యనగా పాటతో నడచు నాటకము. టెనరు అందు పైస్థాయిని పాడు పురుషుడు. అనేక వాద్యములు ముందు మ్రోగుచుండగా, మైకు లేకయే, అతని పాట చివరి వరుసవానికి వినబడవలెను. అరచిన లాభము లేదు. దినమున కైదు తరగతులు చెప్పు మాకు అరపు ఫలమేమో తెలియును: సాయంకాలమునకు మా గొంతు రాచుకొనిపోవును, వెనుకబల్లవాడు నిద్రించుచునే యుండును. వాద్యసమూహపు బలము సెకనుకు సుమారు 500 కంపనములకడ మిక్కుటమై, పైకి పోవుకొలది తగ్గును. శిక్షితకంఠము తన బలమును 3,000 కంపనముల ప్రాంతమున కూడబెట్టుకొనును. అచ్చట వాద్యములు బలహీనములు, మన చెవి చురుకైనది. దీనికంతకు ఆధారము ఊపిరి. ప్రక్కటెముకలను వెంటనే కుంగనీయక శ్వాసమును పొదుపుగా విడుచుటను ఇటలీవారు 'అప్పోజ్జో', అనగా ఆనిక, యందురు. మన నాట్యశాస్త్రము స్వరమునకు ఉరస్సు, కంఠము, శిరస్సు అని మూడు స్థానములు చెప్పినది. టెనరు కంఠము ఛాతీస్వరమునుండి పైకి పోవు సంధికడ విరుగ జూచును. ఆ యతుకు వినబడకుండ చేయుటకే యేండ్లు పట్టును.

1961లో పవరొట్టి యొక పోటీలో గెలిచి, బహుమానముగా పాత్రను పొంది, ఏప్రిల్ 29న రెజ్జో ఎమీలియాలో 'లా బొహేమ్' నాటకమున రొడోల్ఫోగా రంగమెక్కెను. తండ్రి యిచ్చిన గడువులో ఇంక నాలుగేండ్లకు పైగా మిగిలియున్నవి. అంతటితో చదువు ముగియలేదు. 1965లో జోన్ సదర్లాండు బృందముతో ఆస్ట్రేలియాకు బోయి, ఆమె ప్రక్కన చేయి యానించి ఊపిరి పట్టు నేర్చుకొనెను. 1972లో న్యూయార్కు మెట్రొపోలిటనులో ఒక్క పాటలో తొమ్మిది మారులు తారస్థాయి 'సి' స్వరమును పలికెను. జనులు దానిని అద్భుతమనిరి. మేము వెనుకనున్న పదునెనిమిదేండ్లను లెక్కించుచున్నాము.

ఆ జనులే 1992లో మిలాను నగరపు లా స్కాలాలో ఆయన కంఠము జారగా గేలిచేసిరి. ఇచ్చినది దైవమైనచో ఆ గేలియు దైవమునకే చెందవలెను గదా!

మా కడకు తల్లిదండ్రులు రెండు విధములవారు వచ్చుచుందురు. కొందరు మార్కులు తగ్గినంతనే పిల్లవాని పాట మాన్పింతురు. కొందరు ఆరేండ్ల బిడ్డను బాలమేధావియని సభలకెక్కించి, లేతగొంతును అప్పుడే అమ్ముకొందురు. మోడెనా రొట్టెలవాడు ఈ రెండును చేయలేదు. కూడు పెట్టెను, గడువు పెట్టెను, ఆ గడువులో తొందరపెట్టలేదు. ఆయన ధనికుడు కాడు. కావున ధనము లేదను సాకు మనకును చెల్లదు.

"మా వానికి కంఠమున్నదా, పంతులుగారూ?" యని యడుగువారిని మేమిప్పుడు ఎదురడుగుచున్నాము: ఎన్నియేండ్లు అన్నము పెట్టగలరు?