అంబాసిడర్ ముందు కాళ్లు

మా పెదనాన్న వాళ్ల అబ్బాయి 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్‌ని తల్లాడలో మళ్లీ రోడ్డెక్కించే పనిలో పడ్డాడు. ఇంజను పలికింది. రంగు తర్వాత చూసుకోవచ్చు. చిక్కంతా ముందు సస్పెన్షన్‌తోనే. ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వైపు తిప్పితే స్టీరింగ్ ఒక దారి, బండి ఒక దారి.

ఇక సలహాలకేం కొదవ? "మారుతి ముందు భాగం కోసి వేసేద్దాం అన్నా, చవగ్గా అయిపోతుంది" అన్నాడొక మెకానిక్. పాత ఇనుము లెక్కన చూస్తే నిజంగానే చవక. కానీ ఆ లెక్కలో సామాను ధర తప్ప ఇంకేం లేదు.

అంబాసిడర్‌కి మూలం 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దాని ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులుండవు. కింది ఆర్మ్ నుంచి ఫ్లోరు కిందుగా వెనక్కి పోయే పొడవాటి టార్షన్ బార్ ఉంటుంది. గతుకు తగిలితే అది తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి, మళ్లీ తన రూపానికి వస్తుంది. ఆ మెలి బరువంతా బార్ వెనక కొసన, ముందు సీట్ల కింద ఉన్న అడ్డపట్టీ మీద పడుతుంది. మారుతి స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసిన నిలువు కాలు) సంగతి వేరు. దాని తల బానెట్ పక్క రేకులో కూర్చుంటుంది, దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. అంబాసిడర్‌లో ఆ రేకు ఆ బరువు కోసం చేసింది కాదు. అక్కడ పట్టీలు వేసి వెల్డింగ్ చేయాలి, స్టీరింగ్ రాడ్ల కొలత మార్చాలి, చక్రాల కోణం కుదరక టైర్లు ఒకపక్క అరిగిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. చవక ఎక్కడుంది?

ఇంకో నష్టం కాగితాల మీద. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. చాసిస్, బాడీ, ఇంజను మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ తిరుగుడుకు ఆ నంబరు పనికిరాదు, అది వేరే మాట. రేకు కోశాక ఆ దారే మూసుకుపోతుంది.

మధ్యే మార్గం ఒకటుంది. విజయవాడ ఆటోనగర్‌లో వెతికి, కటింగ్‌కి వచ్చిన తర్వాతి కాలపు అంబాసిడర్ ముందు అసెంబ్లీ తెచ్చుకోవడం. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడేదాకా అదే వంశం కాబట్టి సామాను చాలావరకు కుదురుతుంది. డిస్కు బ్రేకులున్నది దొరికితే మరీ మంచిది. టేపు పెట్టి కొలవకుండా మాత్రం డబ్బు ఇవ్వొద్దు. కుడి ఎడమ టార్షన్ బార్లు కలిసిపోకుండా గుర్తు పెట్టుకోవాలి. ఒకవైపు మెలిపడ్డ బార్‌ను రెండోవైపు వేయకూడదు.

నా ఓటు మాత్రం అంతకన్నా ముందున్న పనికే: కింగ్‌పిన్‌లు (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు పిన్నులు), బుష్షులు మార్చి, షాకబ్జర్లు వేసి, కుంగిన బార్ పళ్లు జరిపి ఎత్తు సరిచేయడం. మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, గ్యాస్ కటర్ వెలిగించే ముందు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఊగితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే బేరింగు వదులు, ఆగకపోతే కింగ్‌పిన్ అరిగినట్టు.