ఏ ఏటి ఆవకాయ?

ఉగాది వెళ్ళి ఎండలు ముదిరాయంటే చాలు, మా వీధిలో ఆడవాళ్ళం ఎదురుపడితే కుశలప్రశ్నల కంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది. ‘మామ్మగారు కాయ కొట్టించారా?’

వీధి చివరింటి మామ్మగారు ఆవకాయ పెట్టి అమ్ముతారు. ఏటా ఆరు జాడీలు. ఏడో జాడీ ఎరగరు. ఒకసారి ఓ కొట్టు యజమాని వచ్చి, ఎంత పెడితే అంతా కొనుక్కుంటానన్నాడు. ‘నా చేత్తో కలిపినంతవరకే నా ఆవకాయ నాయనా, ఆ పైన పెట్టేది నీ ఆవకాయ’ అని మజ్జిగ ఇచ్చి పంపేశారు.

కాయ కొట్టించగానే అయిపోదు. జీడి తీసి, ముక్కలు తుడిచి, కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె పట్టించి, మూడోనాడు తిరగకలిపి, ఉప్పు సరిచూసి, నూనె పైకి తేలాక గానీ ఆవిడ కబురు పెట్టరు. ఆ కబురు కోసం గిన్నెలు తోమిపెట్టుకుని కూచుంటాం.

ఇక తెచ్చుకున్నాక చూడాలి! ప్రతి ఇల్లూ ఓ న్యాయస్థానమే. ‘నిరుడు ముక్క కరకరలాడింది.’ ‘అంతకుముందేడు పులుపు బావుంది.’ టెంక ముదరకముందే గాలివాన వచ్చి కాయ రాలితే ముక్క మెత్తబడుతుంది. మిరప రంగు తగ్గితే జాడీ రంగూ తగ్గుతుంది. ఆ చేతిలో తేడా లేదు, ఏడాదిలో వుంది తేడా.

ఈ మాటే వైను చేసేవాళ్ళూ అంటారు. వైను అనగానే ముఖం చిట్లించకండి, నా పరిచయం పుస్తకాల వరకే. మంచి వైను సీసా మీద ద్రాక్ష కోసిన సంవత్సరం వేస్తారు. ఎండావానా ఏడాదికో తీరు కనక రుచీ అంతేనని ఒప్పుకోవడమన్నమాట. 1976 మే 24న పారిస్‌లో సీసాల పేర్లు కనపడకుండా ఓ పోటీ పెట్టారు. మార్కులు వేసింది తొమ్మిదిమంది ఫ్రెంచివాళ్ళు. తీరా చూస్తే తెల్ల వైనులోనూ ఎర్ర వైనులోనూ మొదటిస్థానం కాలిఫోర్నియాకి వచ్చింది. ‘మావి పాతబడితే గానీ రుచి తేలదు’ అన్నారుట కొందరు. సరే చూద్దామని 2006లో ఆ ఏళ్ళ ఎర్ర వైన్లే మళ్ళీ తీశారు. అప్పుడూ మొదటిది కాలిఫోర్నియాదే!

ఇది చదివి ఊరుకోలేక మా ఇంట్లోనూ పోటీ పెట్టాను. నిరుటిదొక గిన్నెలో, కొత్తదొక గిన్నెలో. మా వారు కళ్ళు మూసుకుని రెండు ముద్దలు తిని, ‘ఇదే!’ అని కొత్తదాన్ని గెలిపించారు. అత్తగారు ఒప్పుకోలేదు.

‘ఏడాదిపాటు జాడీలో కూచున్నదానికి ఘాటు తగ్గదుట్రా? కొత్తదాన్ని కొత్తదానితో పోల్చాలి. నిరుడు ఇదే నెలలో ఎలా వుందో గుర్తుందా నీకు?’

నిజమే. దంచిన ఆవపిండికి తడి తగిలినప్పుడే ఆ ఘాటు పుడుతుంది. రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. వైనులా ముప్పై ఏళ్ళ తరవాత తీసి చూసేది కాదిది. రెండేళ్ళ కొత్తావకాయలు పక్కపక్కన కూచునే రోజు ఎన్నటికీ రాదు. పోల్చేది జ్ఞాపకమే. ఆ జ్ఞాపకం అత్తగారి నాలుక మీద వుంది, మామ్మగారి వేళ్ళలో వుంది. రాసిపెట్టినవాళ్ళు మాత్రం లేరు.

ఈ ఏడు మామ్మగారు నాలుగు జాడీలే పెట్టారు. భుజం సహకరించలేదుట. ఆ మాట విన్నాక నాకు నిలవలేదు. చీటీలూ కలమూ పట్టుకుని వెళ్ళాను. సంవత్సరం, కాయ రకం, కలిపిన తేదీ, కొలతలు. కొలతలు చెప్పడానికి ఆవిడ ముందు గుప్పిట పట్టి చూపించారు, తరవాత గిన్నె తెచ్చారు. నాలుగు గిన్నెల ముక్కలకు కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ఒకటికి రవంత తక్కువ. చివర పెట్టినవారి పేరు. వీధిలో ఎవరికీ తెలియదు, అందరికీ మామ్మగారే.

‘ఆవకాయకి నా పేరెందుకే అమ్మాయ్?’ అని నవ్వారు.

ఎందుకంటే, కంపెనీ సీసా మీద అచ్చేసిన ధర మారుమాట లేకుండా ఇచ్చేవాళ్ళు కూడా ఆవిడ గడపలో నిలబడి పది రూపాయలు తగ్గించమంటారు. చేసిన మనిషికి పేరు లేకపోతే ఆ పనికి ధర కూడా వుండదని అనుకుంటారో ఏమో!

పేరు చెప్పారు, రాశాను. జాడీకి అంటించబోతుంటే ఆవిడ ఆపి, ఇంకో మాట రాయమన్నారు. ‘ఈ ఏడు గాలివానకు రాలిన లేతకాయ కొంత కలిసింది. ముందుగా వాడుకోండి.’

అచ్చేసిన సీసా ఏదీ ఇంత నిజం చెప్పగా నేను చూళ్ళేదు.