నడుమ వచ్చినవాడు

ఆటలను గూర్చి వ్రాయువారు తఱచుగా ఆరంభించినవానిని గాని, తుదిదెబ్బ కొట్టినవానిని గాని స్తుతింతురు. నడుమ వచ్చి, ఒరుల భారమును తన భుజముపై వైచికొని, పని ముగించి వెళ్ళినవానిని స్మరించువారు అరుదు. అట్టివానికి ఒక స్థానమును, ఒక పేరును, జీతమును ఇచ్చి పోషించు ఆట యొకటి అమెరికాలో కలదు. అది బేసుబాలు. ఆ నడుమ వచ్చువానిని అచ్చట రిలీఫు పిచ్చరు అందురు. చూలై సందులలో క్రికెట్టాడుచు పెరిగిన మాకు ఆ పరదేశపు ఆటలో మిక్కిలి నచ్చినది అతని బ్రతుకే.

బేసుబాలులో బంతి విసరువాడు పిచ్చరు. ఒక ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. బంతిని కొట్టినవాడు వరుసగా మూడు బేసులను దాటి, బయలుదేరిన చోటికే మరల చేరినచో ఒక పరుగు. మొదటి పిచ్చరు అలసినను, తడబడినను మేనేజరు మైదానములోనికి నడచివచ్చి అతని చేతినుండి బంతిని తీసికొనును. అట్లు తొలగినవాడు ఆ ఆటలో మరల అడుగుపెట్టరాదు. అంతవఱకు మైదానపు ఒక మూలనున్న బుల్‌పెన్ అను స్థలమున కనిపెట్టుకొని కూర్చుండి, పిలుపు రాగానే వచ్చువాడే రిలీఫు పిచ్చరు. అతడు వచ్చుసరికి బేసులపై ఎదిరిపక్షమువారు తఱచుగా నిలిచియే యుందురు. వారిని అచ్చటికి రానిచ్చినవాడు అతడు కాదు. కాని వారిని ముందునకు పోనీయక ఆపవలసినవాడు అతడే.

ఇచట ఒక చిత్రమైన నియమము కలదు. ముందువాడు బేసులపై విడిచిపోయిన ఆటగాడు పిమ్మట పరుగు పూర్తిచేసినచో, ఆ పరుగు క్రొత్తవాని లెక్కలో పడదు. అప్పటికే తొలగిపోయి నీడను కూర్చున్న ముందువాని లెక్కలోనే పడును. తొలుత వినినప్పుడు ఇది క్రొత్తవానికి చేసిన ఉపకారమని మేము తలచితిమి. యోచించిన కొలది అది మఱింత బరువని తోచినది. తన చేయి తప్పినందుకు తానే నష్టపడుట ఒక విధముగా సులభము. తన చేయి తప్పినచో ఒరుని పేరు చెడునని యెఱిగి బంతి విసరుట కష్టము.

ఈ నియమము మా మనస్సున నిలుచుటకు ఒక కారణము కలదు. చూలైలో మా నాయనగారికి చిన్న చిల్లర కొట్టు ఉన్నది. గత సంవత్సరము ఆయన కామెర్లు సోకి రెండు మాసములు మంచము పట్టిరి. పగలు అమ్మయు, బడి విడిచిన పిమ్మట మేమును కొట్టున కూర్చుండవలసివచ్చెను. అరువు పద్దుల పుస్తకము నాయనగారి చేతివ్రాతలో తెలుగున నుండెను. కొనువచ్చువారి మాట తమిళము. ఎవరు ఎంత బాకీ, ఎవరికి ఇక అరువీయరాదు, ఏ సరకునకు ఏనాటికి సొమ్ము చెల్లింపవలెను, ఇవి యన్నియు మేము రాకమునుపే నిలిచియున్న సంగతులు. ఒకనాడు సరకు బాకీకై వచ్చిన వ్యాపారి మా ముఖమైనను చూడక, పైనున్న పలకపై నాయనగారి పేరును చూపి, “ఆ పేరునకు ఇచ్చితిని, ఆ పేరే తీర్చవలెను” అనెను. ఆ రెండు మాసములలో మేము చెప్పదగిన లాభమేమియు చూపలేదు. బాకీలు మాత్రము గడువు దాటలేదు. నాయనగారు కోలుకొని వచ్చి, పద్దుల పుస్తకమును మొదటినుండి తుదివఱకు తిరుగవేసి, ఏమియు అనక కలమును జేబున పెట్టుకొని, “చదువు పాడగుచున్నది, ఇక లెమ్ము” అనిరి. అంతకంటె పెద్ద ప్రశంసను మేము కోరలేదు.

అమెరికాలోను నడుమవాని పనికి చిరకాలము సరియైన లెక్క లేదు. గెలిచిన పిచ్చరునకు ఒక అంకె, ఓడినవానికి ఒక అంకె ఉండెను గాని, గెలుపును చేజారనీయక కాపాడినవానికి లేకుండెను. షికాగో పత్రికారచయితయైన జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ ‘సేవ్’ అను గణనను ప్రచారమునకు తెచ్చెను. 1969లో అది అధికారికమయ్యెను. 1952 మొదలు 1972 వఱకు పెద్ద లీగులలో 1,070 ఆటలాడిన హోయ్ట్ విల్‌హెల్మ్ 1985లో కీర్తిమందిరమున చేరెను. ప్రధానముగా రిలీఫు పిచ్చరై అచ్చట చోటు పొందినవారిలో అతడే మొదటివాడు.

ఈ వృత్తికి శిఖరమనదగినవాడు మరియానో రివేరా. పనామా దేశమున ప్యూర్టో కైమిటో అను పల్లెలో పెరిగి, మన కాశిమేటి జాలరుల బిడ్డలవలెనే తండ్రి పడవపై వలలు లాగినవాడు. చిన్ననాడు పాల అట్టపెట్టెయే అతనికి చేతితొడుగు. 1995లో న్యూయార్కు యాంకీసు జట్టున ఆరంభ పిచ్చరుగా ప్రవేశించెను గాని ఆ స్థానమున నిలువలేదు. 1997 నుండి ఆట ముగించువాడుగా స్థిరపడెను. కట్టర్ అను ఒకే విధమైన బంతి అతని ముఖ్యాయుధము. అది సూటిగా వచ్చుచు తుదిక్షణమున ఒక ప్రక్కకు ఒరగును. అదియే వచ్చునని యెఱిగియు, ఎందఱో బ్యాట్లు విఱుగగొట్టుకొనిరి. 2013లో విరమించునాటికి అతని సేవులు 652. అన్ని గడించినవాడు మఱియొకడు లేడు. 2019లో ఓటువేసినవారందఱును ఒక్కటియై అతనిని కీర్తిమందిరమునకు ఎన్నుకొనిరి. అంతకుముందు ఆ యేకగ్రీవము ఎవరికిని దక్కలేదు.

అట్టివాడును ఓడెను. 2001 నవంబరు 4వ తేదీన ప్రపంచ పోటీల కడపటి ఆటలో, తొమ్మిదవ ఇన్నింగ్సున యాంకీసు 2–1తో ముందుండగా బంతి అతని చేతనే యుండెను. తోడివానికి అందింపబోయిన బంతి ఒకటి గుఱితప్పెను. తుదకు అరిజోనా ఆటగాడు లూయిస్ గొంజాలెజ్ మెల్లగా లేపిన బంతి ఎవరికిని అందని చోట పడెను. అరిజోనా 3–2తో గెలిచెను. ఆ పరుగులు అతని లెక్కలోనివే. తరువాతి సంవత్సరము అతడు మరల ఆ బుల్‌పెన్‌లోనే పిలుపునకు కాచుకొని కూర్చుండెను. 652 కంటె ఈ సంగతియే మాకు గొప్పగా తోచుచున్నది.

అందఱును రివేరాలు కారు. ఉత్తరప్రదేశమున ఈటె విసరుట నేర్చిన రింకూ సింగు, దినేశ్ పటేలు 2008లో ఒక పోటీద్వారా ఎన్నికై పిట్స్‌బర్గు పైరేట్సు సంస్థలో పిచ్చర్లుగా చేరిరి. దినేశ్ 2010లోనే మరలి వచ్చెను. రింకూ దిగువ శ్రేణులలో కొన్నేండ్లు ఆడెను. గాయములచే పై మెట్టు ఎక్కలేక, 2018లో కుస్తీ ప్రదర్శనల వృత్తికి మరలెను. మన దేశపు బాలురు ఆ బాట నడచిరన్న మాట మాత్రము నిలిచినది.

మన క్రికెట్టులో, దినములకొలది సాగు ఆటలలో, అలసిన బౌలరునకు బదులు బయటినుండి మఱియొకనిని దింపుట లేదు. నాగపురమున నెలకొన్న తెలుగు కుటుంబమునకు చెందిన సి.కె. నాయుడుగారి తమ్ముడు సి.ఎస్. నాయుడుగారు 1944–45 రంజీ తుదిపోటీలో హోల్కరు పక్షమున బొంబాయిపై 917 బంతులు వేసిరి. ఒక్క ఫస్టుక్లాసు ఆటలో అన్ని బంతులు వేసినవారు వేఱొకరు లేరు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీసినను, హోల్కరు 374 పరుగుల తేడాతో ఓడెను. ఆ యంకెను చూచినప్పుడు మాకు గర్వముతోపాటు జాలియు కలుగును. ఆయన చేతినుండి బంతి అందుకొనుటకు బుల్‌పెన్‌లో ఎవరును కూర్చుండి యుండలేదు.

మిత్రులారా, మనలో ఆరంభించినవారు కొందఱే. మన తరగతి బల్లలపై మనకు మునుపు చదివినవారి పేర్లు చెక్కబడియున్నవి. ఈ యూర ఇన్ని భాషల నడుమ తెలుగున చదివించు బడిని నిలిపినవారు మనము కాము. మనము చక్కగా చదివినను, చదువకపోయినను, అది వారి పద్దులోనే వ్రాయబడును. బంతి చేతికి వచ్చినవాడు, బేసులపై నిలిచినవారిని ఎవరు రానిచ్చిరని విచారించుచు నిలువడు. వారిని అచ్చటనే ఆపుటకు చేయి యెత్తును.