జెంటూతో నా మూడ్రోజులు

పదిహేనేళ్ళుగా ఉబుంటు వాడుతూ, "నా మెషీన్లో ఏముండాలో చెప్పడానికి వీళ్ళెవరు?" అని సణుగుతూనే ఉన్నాను. పోయిన నెల మూడ్రోజులు సెలవు కలిసొస్తే, సరే, ఆ ముచ్చటా తీర్చుకుందామని ఓ పాత లాప్‌టాప్‌లో జెంటూ పెట్టాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2002లో మొదటి వెర్షన్ వచ్చిన ఈ లినక్సులో ప్యాకేజీల్ని సోర్సు నుంచి మన మెషీన్లోనే కంపైల్ చేసుకుంటాం. 2023 డిసెంబరు నుంచి ముందే కంపైల్ చేసిన బైనరీలు కూడా విరివిగా ఇస్తున్నారు గానీ, వండిన అన్నం తినడానికి ఇంత దూరం రావడమెందుకని వాటి జోలికి పోలేదు. ఏ సదుపాయం కావాలో, ఏది వద్దో యూజ్ ఫ్లాగులతో చెప్పాలి. బ్లూటూత్ వద్దు. ప్రింటర్ వద్దు (ఇంట్లో లేదు). గ్నోమ్ వద్దు. పెళ్ళిచూపుల్లో వంకలు పెట్టే పెళ్ళికొడుకులా ఒక్కోదానికీ మైనస్ పెడుతుంటే భలే మజాగా ఉంది.

కెర్నల్ కూడా నేనే కాన్ఫిగర్ చేశాను. వద్దనే ఊపులో నా డిస్కు డ్రైవర్ని కూడా తీసిపారేశాను. రీబూట్ చేస్తే ఇంకేముంది, కెర్నల్ పానిక్! మళ్ళీ పెన్‌డ్రైవ్, మళ్ళీ మొదలు. అర్ధరాత్రి ఫాను మోతకి "ఈ వేళప్పుడు మిక్సీ ఎవరు వేశారు?" అంటూ మా ఆవిడ లేచొచ్చింది.

మూడోరోజు సాయంత్రానికి ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంది. వార్తలు చూద్దామని ఓ తెలుగు పేజీకి వెళ్ళాను. అక్షరాల బదులు అన్నీ డబ్బాలే. తెలుగు ఫాంటు ఒక్కటీ లేదు. ఉండదు మరి, నేను పెట్టలేదుగా! ఉబుంటులో నేను అడక్కుండానే ఎవరో పెట్టి ఉంచారు. కాన్ఫిగ్ ఫైలు తీసి చూసుకుంటే, భాషల లైన్లో నా చేత్తోనే ఒక్క ఇంగ్లీషు రాసి ఊరుకున్నాను.

ఇంకో సంగతి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో తెల్లవాళ్ళు తెలుగుని పిలిచిన పేరు జెంటూ. 1816లో మద్రాసులో అచ్చయిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పేరులోనే ఆ మాట ఉంది. ఈ లినక్సుకి మాత్రం ఆ పేరు ఓ పెంగ్విన్ జాతి నుంచి వచ్చిందనుకోండి. అయినా, మన భాష పాత పేరున్న సిస్టంలో కూర్చుని, అక్కర్లేనివి ఏరడానికి మూడ్రోజులు తగలేసి, కావలసినవాటిలో తెలుగు రాయడం మర్చిపోయింది నేనే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తెలుగుని పట్టించుకోవట్లేదని ఇన్నాళ్ళూ అరిచిందీ నేనే.

నోటో ఫాంట్లు ఎమర్జ్ చేశాను. భాషల లైన్లో తెలుగు చేర్చాను, ఈసారి మొదట్లోనే. బ్లూటూత్‌కి పెట్టిన మైనస్ కూడా తీసేశాను, హెడ్‌ఫోన్స్ సంగతి గుర్తొచ్చి. ప్రస్తుతం అవన్నీ మళ్ళీ కంపైలవుతున్నాయి. ఫాను తిరుగుతూనే ఉంది.