దంపతులు – యాత్రావ్యయము

కాశికి బోయినవాడును కాటికి బోయినవాడును సమానులని మన పెద్దలనెడివారు. దారిభయమును బట్టి పుట్టినదా మాట. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి, సుమారు నూరుమంది పరివారముతో హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి గాని యిల్లు చేరలేదు. ఆ దినములలో ప్రయాగ, గయలయందు కుంఫిణీవారు యాత్రికులయొద్ద పన్ను గూడ గొనుచుండిరి. 1840లో గాని యది రద్దు కాలేదు. నేడు మదీనాగూడలో నింట గూర్చుండి ఫోనుమీద వ్రేలు నొక్కినచో రైలు టిక్కెట్టును, బసకు గదియు సిద్ధము. దారిభయము పోయినది, ఖర్చుభయము మాత్రము పోలేదు. అది యింటిలోనికి వచ్చి ఆలుమగల నడుమ గూర్చున్నది.

ముంబయి రహదారి ప్రక్కనున్న మా పేటలో, సాఫ్టువేరు కొలువులు చేయు యువదంపతులు పెక్కురు కలరు. వారిలో గొందరు యాత్రకు లెక్క వేయునపుడు "సగము నీది, సగము నాది" యందురు. వినుటకు న్యాయముగనే యుండును. భర్తకు లక్షయు భార్యకు నేబదివేలును జీతమైనప్పుడు సమానభాగము సమానభారమెట్లగును? మఱికొన్ని యిండ్లలో నింతమాత్రము సంభాషణయు లేదు. సంపాదించువాడు నిశ్చయించును, గృహిణికి బయలుదేరు తేదీ తెలియును. పెట్టె సర్దుటయే యామె వంతు.

వివాహవేళ వరుడు ధర్మమునందును, అర్థమునందును, కామమునందును భార్య నతిక్రమింపనని ప్రమాణము చేయును. ధర్మమును గూర్చి యుపన్యాసములు వినుచున్నాము. నడుమనున్న యర్థమును గూర్చి నోరు మెదపువారేరి? భార్యకు లెక్క చూపుట పాశ్చాత్యుల పోకడయని యాక్షేపించు మిత్రులు మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము చూతురు గాక. ధనము గూర్చుటయందును వ్యయమునందును భార్యను నియోగింపవలెనని యందు గలదు. ఆమెను గాపాడుకొను నుపాయముగా మనువా మాట చెప్పెననుట నిజమే. ఐనను తాళముచెవి యామె చేతికే యిచ్చెను. సంవత్సరాదాయమును లెక్కించి తదనురూపముగ వ్యయము చేయుట గృహిణి పనియని వాత్స్యాయనుడును వ్రాసెను.

గత కార్తీకమున మేమిరువురము కాశికి బోవ నిశ్చయించుకొంటిమి. 2024 నవంబరు నుండి రైలు టిక్కెట్లు 120 దినములకు బదులు 60 దినములకు ముందు మాత్రమే యిచ్చుచున్నారు. కావున రెండు నెలలకు ముందే లెక్కకు గూర్చుండి, ఎవరి కాగితము వారు వ్రాసికొంటిమి. నా కాగితమున రైలు, బస, పడవ, భోజనము, సారనాథ దర్శనము. ఆమె కాగితమున మేము లేని పదిదినములు మా తల్లిగారికి వండిపెట్టు మనిషి కూలి, మోకాళ్ల మందులు. ఇంటి భారము మోయువారికే తెలియు ఖర్చులివి. చివరి పంక్తి "నా యిష్టము – రెండువేలు."

"ఇదేమి?" అంటిని.

"మిమ్మల్ని అడగకుండా ఖర్చు పెట్టుకోవడానికి" అనెను. అట్టి పంక్తియే నా కాగితమునను జేర్చితిమి.

మొత్తము 65,000 రూపాయలైనది, చేతనున్నది 45,000. తిరిగివచ్చిన పిమ్మట చేయవలసిన కాశీసమారాధనకే యిరువదివేలు పడినది. వాయిదాల మీద నప్పిచ్చెదమను ప్రకటనలు ఫోనులో దినమును వచ్చుచునే యుండెను. "గంగ తెచ్చి నలుగురికీ పెట్టకపోతే యాత్ర ఫలిస్తుందా నాయనా?" అని మా తల్లిగారి బాధ. అందులకు నా భార్య, "అత్తయ్యా, అప్పు చేసి వడ్డించిన విస్తట్లో మొదటి ముద్ద వడ్డీవాడే తింటాడు" అని మెల్లగా ననెను. మా తల్లిగారు రెండు దినములు ముభావముగ నుండిరి. మూడవ దినమున దామే కాశీదారములెన్ని కావలెనో లెక్క వ్రాయించిరి. ఇంటిలో గంగపూజ చేసి, ఇరుగుపొరుగువారికి దారములును, పులిహోరయు నిచ్చితిమి. ఎవరును దూషింపలేదు, దూషించినను వాయిదా కట్టువారము మేమే గదా.

కావున యాత్ర దలపెట్టు దంపతులకు నా మనవి. మొత్తము వేయకముందు వేరువేరుగా వ్రాయుడు. ఇరువురును సంపాదించుచున్నచో జీతముల నిష్పత్తిని బట్టి పంచుకొనుడు. పైన జెప్పిన దంపతులు 45,000 రూపాయల యాత్రకు 30,000, 15,000గా నిచ్చికొనుట సమము. భార్యకు జీతము లేనిచో నామె యింటిచాకిరియే యామె వంతు. వ్రాయు హక్కునకు లోటు లేదు. ఆపదకై పదియవవంతు ముట్టక యుంచుడు. వేడుకకై యప్పు చేయకుడు.

కాశికి బోయినవారు తమకు బ్రియమైన కాయయో పండో యచట విడిచివచ్చుట మన యాచారము. వంకాయను విడిచిన పురుషులను బెక్కుర నెఱుగుదును. డబ్బుసంచిమీది పెత్తనమును విడిచినవారి నరుదుగ జూచితిని. దానిని విడుచుటకు గాశిదాక బోవ నక్కఱలేదు. బయలుదేరకముందే, లెక్క వ్రాయునపుడే విడువవచ్చును.