ఆటకు ముందటి మాట

మన రామగుండము బాలురకు ఫుట్‌బాల్ అనగా కాలితో తన్నెడు బంతియాట. అమెరికావారు అదే పేర వేఱొక యాట నాడుదురు. అందు బంతి కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగిడుదురు, విసరుదురు. జట్టునకు పదునొకండుగురు. నాలుగు యత్నములలో పది గజములు సాగనిచో బంతి యెదిరిపక్షమువారి పాలగును.

ఈ యాటలో నన్నాకర్షించినది బలము కాదు, ఆలోచన. ప్రతి యత్నమునకు ముందు ఆటగాండ్రు సాధారణముగ తలలు దగ్గఱ జేర్చి గుమిగూడుదురు. క్వార్టర్‌బ్యాక్ అను నాయకుడు పదములును అంకెలును గలసిన యొక సంకేతమును పలుకును. ఎవడు ఎటు పరుగిడవలయునో, ఎవ డెవని నడ్డగింపవలయునో ఆ యొక్కమాటతో అందఱకును దెలియును. వృత్తిజట్లలో 1994 నుండి శిక్షకుడు నాయకుని శిరస్త్రాణములోని రేడియో ద్వారా సంకేతము నందించుచున్నాడు. అయినను ఎదిరివారి నిలుకడ జూచి, ఆ యెత్తు పాఱదని తోచినచో, నాయకుడు కేకవేసి దానిని మార్చును. అడ్డుగా నిలుచు ఐదుగురిలో నలువురు ఆట యంతయు బంతిని ముట్టకయే గడపవచ్చును. వారు లేక నాయకుడు క్షణమైన నిలువజాలడు.

ఇట్లు గుమిగూడుట వాషింగ్టనులోని బధిరుల కళాశాలయగు గాలొడెట్‌లో, 1890 తరువాతి యేండ్లలో, పాల్ హబ్బర్డు ప్రారంభించెనని ప్రసిద్ధి. తమ చేతిసైగలు ఎదిరివారి కంటబడకుండ వారు వలయముగా నిలిచిరి.

మన హైదరాబాదునను ఇట్టి యాలోచనాపరు డుండెను. సయ్యద్ అబ్దుల్ రహీము బడిపంతులు. హైదరాబాదు పోలీసు జట్టునకును భారతజట్టునకును శిక్షకుడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల తొలి పందెమున దక్షిణకొరియా మనలను 2-0 తో నోడించెను. పిదప థాయిలాండుతో నాడునపుడు వెనుకవరుస రక్షకుడగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీము ఆతనిని ముందువరుసకు మార్చెను. తుది పందెమున ఆ కొరియానే మనవారు 2-1 తో గెలిచిరి; ఆ రెండు గోలులలో నొకటి జర్నైలుదే. వ్యాధితో నుండియు జట్టును నడపిన రహీము 1963లో గతించెను.

మా మైదానమున జట్లు కట్టునపుడు బక్కవానిని, మెల్లగా పరుగిడువానిని కడపట నేరుదురు. నేనును ఆ కోవలోనివాడనే. అట్టివానికి స్థలము దొరకును గాని పని దొరకదు. గనిలో నట్లు కాదు. బొగ్గు టబ్బులను లాగు త్రాడు కదలుటకు ముందు గంట మ్రోగును. ఎన్ని మ్రోతల కేమి యర్థమో పలకపై వ్రాసి యుంతురు. అది అందఱు నెఱిగియుండుటచేతనే మా నాయన దినదినము క్షేమముగా ఇల్లు చేరుచున్నాడు.

కావున, జట్టు నాయకులారా! ఈల వినబడుటకు ముందొక నిమిషము అందఱను చేరబిలిచి, కడపట నేరినవానికిగూడ వాని పని యేదో చెప్పుడు. తన పని యెఱిగినవాడు తుదివఱకు నిలుచును.